సంయుగ్మం తర్వాత ఏ జన్యువు, ఎక్కడి నుంచి పని చేస్తోంది? టెట్రాహైమీనాలో తేల్చే పద్ధతి

"జన్యువు తీసేశాం, కణాలు జత కడుతున్నాయి, సంతానం మాత్రం రావడం లేదు. ఏ దశలో ఆగిందో ఎలా చెప్పాలి?" పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. ఎక్కడ ఆగిందో మైక్రోస్కోపు చెప్పేస్తుంది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఆ జన్యువు పాత కేంద్రకం నుంచి పని చేయాల్సిందా, కొత్తదాని నుంచా అన్నది తేలాలి. ఈ గైడంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

ఇక్కడి అంకెలన్నీ టెట్రాహైమీనా థర్మోఫిలా అనే ఏకకణ జీవికి, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర వర్తిస్తాయి. పారమీషియంతో పని చేసేవాళ్లు 9వ భాగం తప్పక చూడండి.

## 1. మొదలుపెట్టే ముందు: రెండు కేంద్రకాల లెక్క

ఈ కణంలో రెండు కేంద్రకాలుంటాయి. సూక్ష్మకేంద్రకంలో 5 జతల క్రోమోజోములు. అది వారసత్వాన్ని మోస్తుంది కానీ మామూలు రోజుల్లో దాని జన్యువులు పలకవు, అంటే వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవదు. స్థూలకేంద్రకంలో ఒక్కో జన్యువుకు దాదాపు 45 ప్రతులుంటాయి. కణం బతకడానికి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏ అంతా అక్కడిదే.

సంయుగ్మంలో (రెండు కణాలు జత కట్టి కేంద్రకాలు ఇచ్చిపుచ్చుకోవడం) సూక్ష్మకేంద్రకం నుంచి కొత్త స్థూలకేంద్రకం తయారవుతుంది, పాతది కరిగిపోతుంది. కాబట్టి సంయుగ్మం మొదటి సగం నడిచేది తల్లిదండ్రుల స్థూలకేంద్రకం ఇచ్చిన ఆదేశాల మీద. చివరి భాగంలో కొత్త స్థూలకేంద్రకం సొంతంగా పలకడం మొదలుపెడుతుంది. మధ్యలో కొన్ని గంటల పాటు పాతది దాచిపెట్టిన ప్రోటీన్లూ, కొత్తది చేస్తున్న ప్రోటీన్లూ కలిసి ఉంటాయి. తప్పుడు తీర్మానాలన్నీ పుట్టేది ఈ మధ్య గంటల్లోనే.

అందుకని నోటుపుస్తకంలో ప్రతి స్ట్రెయిన్ (కణాల వంశం) పక్కనా రెండు గడులు పెట్టండి: సూక్ష్మకేంద్రకంలో ఏముంది, స్థూలకేంద్రకంలో ఏముంది. ఒక్క గడితో సరిపెట్టుకున్న నోటుపుస్తకం వారం తిరగకముందే మోసం చేస్తుంది.

## 2. స్ట్రెయిన్లు ఎంచుకోవడం

టెట్రాహైమీనాకు ఏడు మేటింగ్ టైపులు, అంటే జత కట్టే రకాలు. వేర్వేరు టైపులవి ఏ రెండైనా జత కడతాయి, ఒకే టైపువి కట్టవు.

- నియంత్రణగా (పోల్చి చూసేందుకు) సీయూ428, బీ2086 జోడీ చాలామంది వాడతారు. మొదటిది ఏడో టైపు, రెండోది రెండో టైపు.
- సీయూ428 సూక్ష్మకేంద్రకంలో 6-మిథైల్‌ప్యూరిన్‌ను తట్టుకునే జన్యువు ఉంది, స్థూలకేంద్రకంలో లేదు. అంటే ఆ కణం మందుకు చచ్చిపోతుంది, దాని నిజమైన సంతానం బతుకుతుంది. ఈ తేడాయే 8వ భాగంలో పరీక్షకు ఆధారం.
- సీయూ427 కూడా ఇలాంటిదే, మందు సైక్లోహెక్సిమైడ్.
- స్టార్ స్ట్రెయిన్లు: సూక్ష్మకేంద్రకం చెడిపోయినవి. వీటి ఉపయోగం 6వ భాగంలో వస్తుంది.

మీ జన్యువు ఎప్పుడు పలుకుతుందో ముందే చూసుకోండి. టెట్రాహైమీనాకు బహిరంగంగా అందుబాటులో ఉన్న వ్యక్తీకరణ సమాచారంలో పెరుగుదల, ఆకలి, సంయుగ్మం మూడూ ఉన్నాయి. సంయుగ్మంలో 0 నుంచి 18 గంటల దాకా రెండేసి గంటలకు నమూనాలు తీశారు. 2–4 గంటల్లో శిఖరం ఉంటే పాత కేంద్రకం అనుమానితుడు. 8 దాటాక లేస్తే కొత్తది. రెండు శిఖరాలుంటే 6వ భాగంలోని నాలుగు రకాల జోడీలూ తప్పవు.

## 3. ఆకలి పెట్టడం

కడుపు నిండిన కణాలు జత కట్టవు. ఈ దశలో తొందరపడితే తర్వాతి గంటలన్నీ చెదిరిపోతాయి.

1. రెండు స్ట్రెయిన్లనూ వేర్వేరుగా పోషక ద్రావణంలో పెంచండి. మిల్లీలీటరుకు 2 నుంచి 5 లక్షల కణాల మధ్య, ఇంకా చురుగ్గా విభజన చెందుతుండగానే తీయండి. నిండిపోయి ముసలిబారిన కల్చరు వద్దు.
2. నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి, 10 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 7.4–7.5) ద్రావణంతో రెండుసార్లు కడగండి. అడుగున చేరిన కణాలు క్షణాల్లో పైకి ఈదేస్తాయి. యంత్రం ఆగిన వెంటనే పై నీరు తీసేయాలి.
3. మిల్లీలీటరుకు 2 లక్షల కణాలకు సరిచూసి, 30 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచండి.
4. ద్రావణం పలుచని పొరగా ఉండాలి. లోతైన గొట్టంలో పోస్తే గాలి అందక సగం కణాలు నీరసిస్తాయి.

కలిపే ముందు చూసుకోవాల్సినవి:

- రెండు వైపులా కణాల సంఖ్య సమానంగా ఉందా? కంటి అంచనా కాదు, లెక్కపెట్టాలి.
- కణాలు సన్నబడి చురుగ్గా ఈదుతున్నాయా?
- ఒక్కో కల్చరులో విడిగా ఇప్పటికే జతలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే అది శుద్ధమైన స్ట్రెయిన్ కాదు. అక్కడితో ఆపేయండి.
- బాక్టీరియా చేరిందా? చేరితే వాటికి ఆహారం దొరికినట్టే, ఆకలి ఉండదు.

## 4. కలపడం, జతల లెక్క

సమాన భాగాలు కలిపిన క్షణమే మీ సున్నా గంట. కలిపాక కుదపకూడదు. రెండు టైపుల కణాలు ఒకదాన్నొకటి తాకుతూ దాదాపు గంటసేపు సిద్ధమవుతాయి, ఆ తర్వాతే అతుక్కుంటాయి. పాత్రను ఊపుతూ ఉంటే ఈ అతుకు పడదు. అవసరమైతే దీన్నే మీకు అనుకూలంగా వాడుకోవచ్చు: నియంత్రణ జోడీ, ప్రయోగ జోడీ రెండూ సిద్ధమయ్యేదాకా ఊపుతూ ఉంచి, ఒకేసారి ఆపండి.

రెండో గంట దాటాక కొద్దిగా తీసి, ఫార్మాల్డిహైడ్‌తో కదలిక ఆపి లెక్కపెట్టండి. ఒక్కో జతలో రెండు కణాలున్నాయని మర్చిపోకండి. 80 జతలు, 40 ఒంటరి కణాలు కనిపిస్తే, జత కట్టినవి 160, మొత్తం 200, అంటే 80 శాతం. జతల సంఖ్యను నేరుగా ఒంటరి వాటితో పోల్చి 67 శాతమని రాసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

80 శాతానికి తగ్గితే కణస్వరూపం చూడటం వరకు సరే, ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ పరీక్షలకు ఆ బ్యాచ్ వాడొద్దు. జత కట్టని కణాల పాత స్థూలకేంద్రకం మీ ఫలితంలో దూరుతుంది.

## 5. గంటల వారీగా ఏం కనిపించాలి

నమూనాలను ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, డీఎన్‌ఏను మెరిపించే డాపీ రంగు వేయండి. మొదట్లో గంటకోసారి, 5 నుంచి 8 గంటల మధ్య అరగంటకోసారి తీయండి. అప్పుడు మార్పులు వేగంగా జరుగుతాయి.

- 2–4 గంటలు: క్షయకరణ విభజన తొలిదశ. గుండ్రంగా ఉన్న సూక్ష్మకేంద్రకం సాగి సాగి కణం పొడవుకు దాదాపు రెండింతలై, స్థూలకేంద్రకం చుట్టూ నెలవంకలా వంగుతుంది. డాపీలో ఇదొక పొడవాటి మెరిసే దారం. ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.
- 5 గంటల చుట్టూ: రెండు విభజనలూ పూర్తి, నాలుగు ఏకస్థితిక కేంద్రకాలు. వాటిలో జత అతుకు దగ్గరున్న ఒక్కటే మిగులుతుంది, మిగతా మూడు కరిగిపోతాయి.
- 5.5–6.5 గంటలు: మిగిలింది ఒకసారి విభజన చెందుతుంది. ఒక భాగం అవతలి కణంలోకి వెళ్తుంది, ఒకటి ఇక్కడే ఉంటుంది. తర్వాత కలయిక, సంయుక్తబీజ కేంద్రకం.
- 7 గంటల చుట్టూ: రెండు వరస సమవిభజనలు, నాలుగు కేంద్రకాలు. ముందు భాగంలో ఉన్న రెండూ స్థూలకేంద్రకాలుగా, వెనుక ఉన్న రెండూ సూక్ష్మకేంద్రకాలుగా మారతాయి. నాలుగింటిలో ఉన్న జన్యుసమాచారం ఒక్కటే. దారి మార్చేది అవి ఉన్న చోటు.
- 8–10 గంటలు: కొత్త స్థూలకేంద్రకాలు ఉబ్బుతాయి. పాతది కుంచించుకుపోయి, చిక్కటి చుక్కలా వెనక్కి జరిగి కరుగుతుంది.
- 10–12 గంటలు: జతలు విడిపోతాయి.
- 14–16 గంటలు: రెండు సూక్ష్మకేంద్రకాల్లో ఒకటి పోయి, ఒక్కో కణంలో రెండు కొత్త స్థూలకేంద్రకాలు, ఒక సూక్ష్మకేంద్రకం.

ఆహారం పెట్టకపోతే కణాలు ఈ చివరి మజిలీలోనే ఆగుతాయి. దీన్ని లోపమని రాసుకోకండి, మామూలు కణాలూ అక్కడే ఆగుతాయి.

ప్రతి గంటకూ కనీసం 100 జతలను దశలుగా విడదీసి లెక్కించండి. "ఎక్కువ భాగం 6వ గంటలో ఉన్నాయి" లాంటి వాక్యం చాలదు. ఒక దశలో పోగుపడటం వేరు, అన్ని దశలూ ఆలస్యంగా నడవడం వేరు. శాతాలు లేకపోతే ఆ తేడా తెలియదు.

ఈ పట్టికలో ఆగిన చోటే కొంత కథ చెబుతుంది. స్పో11 ఉదాహరణ చూడండి. డీఎన్‌ఏలో తెంపులు పెట్టే ఈ ప్రోటీన్ లేకపోతే సూక్ష్మకేంద్రకం నెలవంకగా సాగదు. అదే మ్యూటెంట్‌లో (ఆ జన్యువు లేని కణంలో) బయటి నుంచి డీఎన్‌ఏను దెబ్బతీస్తే మళ్లీ సాగుతుంది. అంటే సాగమని చెప్పే సంకేతం ఆ తెంపులే. ఆగిన చోటు పట్టుకోవడం మొదటి మెట్టు, లేనిదాన్ని తిరిగి ఇచ్చి కదిలించడం రెండోది.

## 6. నాలుగు జోడీలు: అసలు పరీక్ష

ఓపిక ఎక్కువ కావాల్సింది ఇక్కడే. ఒక్క జన్యువుకు ఈ నాలుగు పెళ్లిళ్లూ చేయాలి.

అ) స్థూలకేంద్రకంలో లేదు, సూక్ష్మకేంద్రకంలో ఉంది (రెండు వైపులా). తల్లిదండ్రుల సరఫరా శూన్యం, కొత్త కేంద్రకం మాత్రం చేయగలదు. ఇక్కడే ఆగిపోతే పాత కేంద్రకం సరఫరా తప్పనిసరి. డీఎన్‌ఏ తొలగింపుకు (8వ భాగం) కావాల్సిన పీడీడీ1 విషయంలో తేలింది ఇదే: కొత్త కేంద్రకంలో ఆ జన్యువు ఉన్నా, తల్లిదండ్రుల వైపు లేకపోతే డీఎన్‌ఏ తొలగింపు పూర్తవదు.

ఆ) స్థూలకేంద్రకంలో ఉంది, సూక్ష్మకేంద్రకంలో లేదు (రెండు వైపులా). దీన్ని హెటెరోకేరియాన్ అంటారు. తొలి దశలన్నీ సవ్యంగా నడిచి, కొత్త కేంద్రకం బాధ్యత తీసుకున్నాక ఆగితే అది కొత్తదాని పని. పెరగడానికే అవసరమైన జన్యువుల విషయంలో ఇదొక్కటే దారి. అవి లేకుండా మామూలు కణం బతకదు కదా.

ఇ) రెండు కేంద్రకాల్లోనూ లేదు. అ, ఆ కంటే ముందే ఆగితే రెండు సరఫరాలూ ఒకదానికొకటి ఆసరా ఇస్తున్నాయని అర్థం.

ఈ) ఒక వైపు మామూలు కణం, ఒక వైపు లోపం ఉన్నది. జత అతుకులో రంధ్రాలుంటాయి, ఒకరి ప్రోటీన్లు మరొకరికి అందుతాయి. ఇలా కలిపినప్పుడు అంతా బాగుంటే ఆ ఉత్పత్తి అవతలికి వెళ్లగలదన్నమాట. అయితే "జన్యువు అవసరం లేదు" అని దీంతో తేల్చడం అతిపెద్ద పొరపాటు. లోపం ఉన్నవాటిని రెండు వైపులా పెట్టకుండా ఏమీ తీర్మానించకండి.

హెటెరోకేరియాన్ చేయడానికి స్టార్ స్ట్రెయిన్ కావాలి. సూక్ష్మకేంద్రకంలో జన్యువు తీసేసిన కణాన్ని (ఇంకా ఒక మామూలు ప్రతి ఉంటుంది) స్టార్‌తో జత కట్టించండి. స్టార్ కేంద్రకం కరిగిపోతుంది. మంచి కణం తాలూకు ఏకస్థితిక కేంద్రకమే ఇద్దరికీ దక్కి, రెట్టింపై సమయుగ్మజమవుతుంది (రెండు ప్రతులూ ఒకేలా ఉంటాయి). పాత స్థూలకేంద్రకాలు మాత్రం అలాగే ఉండి, జత విడిపోతుంది. ఇలాంటి జతల్లో సగం మీకు కావాల్సినవి. పైగా స్థూలకేంద్రకం మారలేదు కాబట్టి మేటింగ్ టైపులు వేరుగానే ఉంటాయి, ఆ రెండు కణాల్నీ నేరుగా కలపొచ్చు. ఒక్క జాగ్రత్త: విడిపోయాక ఆకలితోనే వదిలేస్తే అవి తమంతట తామే రెండోసారి జత కడతాయి, హెటెరోకేరియాన్ కాస్తా చేజారిపోతుంది. విడివిడిగా తీసి వెంటనే ఆహారం పెట్టండి.

## 7. నాకౌట్ (జన్యువు తీసివేత) నిజంగా పూర్తయిందా?

స్థూలకేంద్రకం విభజనలో ప్రతులు లెక్కప్రకారం పంచబడవు, ఎటు ఎన్ని పడితే అన్ని. అందుకే పారోమోమైసిన్ అనే మందు మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోతే మామూలు ప్రతులు క్రమంగా తప్పుకుని, జన్యువు స్థానంలో పెట్టిన నిరోధక క్యాసెట్ (మందును తట్టుకునే డీఎన్‌ఏ ముక్క) ఉన్నవే మిగులుతాయి. ఎక్కడ ఆపాలన్నదే చిక్కు.

అ రకం కణంలో సూక్ష్మకేంద్రకంలో మామూలు జన్యువు ఎప్పటికీ ఉంటుంది. కాబట్టి డీఎన్‌ఏ మీద పీసీఆర్ (ఒక డీఎన్‌ఏ భాగాన్ని ఎన్నో నకళ్లు చేసి పట్టీలుగా చూసే పద్ధతి) చేస్తే మామూలు పట్టీ పలుచగా వస్తూనే ఉంటుంది. దాన్ని చూసి నెలల తరబడి మందు పెంచుతూ పోవడం దండగ. కొత్త స్థూలకేంద్రకం ఇంకా రాకముందు, ఆ జన్యువు పలికే గంటలో ఆర్‌ఎన్‌ఏ తీసి, దాని మీద చూడండి. సూక్ష్మకేంద్రకం దాన్ని పలకదు కాబట్టి పట్టీ వస్తే అది స్థూలకేంద్రకంలో మిగిలిన ప్రతే. మందు లేకుండా కొన్ని తరాలు పెంచి మళ్లీ చూస్తే ఇంకా నమ్మకం.

తర్వాత జన్యువును తిరిగి ఇచ్చి చూడండి. కాడ్మియంతో తెరుచుకునే ఎంటీటీ1 ప్రమోటర్ (జన్యువును పలికించే స్విచ్) కింద పెడితే ఏ గంటలో ఇవ్వాలో మీ చేతిలో ఉంటుంది. 3వ గంటలో ఇస్తే కోలుకుని, 9వ గంటలో ఇస్తే కోలుకోకపోతే సమయం తేలినట్టే. ఆకలితో ఉన్న కణాలను కాడ్మియం త్వరగా చంపుతుంది. పోషక ద్రావణంలో వాడే మోతాదు ఇక్కడ పెట్టకండి. ముందు మామూలు జోడీ మీద తగ్గించిన మోతాదుతో సరిచూసుకోండి.

## 8. డీఎన్‌ఏ తొలగింపు, సంతానం

కొత్త స్థూలకేంద్రకం తయారీలో సూక్ష్మకేంద్రక జీనోమ్‌లో దాదాపు మూడో వంతు తీసివేయబడుతుంది, సుమారు 12,000 చోట్ల. క్రోమోజోములు కూడా 15 అక్షరాల ఒక వరస దగ్గర తెగుతాయి.

ఏది తీయాలో నిర్ణయించే మెట్ల క్రమం ఇది: క్షయకరణ విభజన వేళ సూక్ష్మకేంద్రకం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏను డీసీఎల్1 అనే ప్రోటీన్ ముక్కలు చేస్తుంది. 28–30 అక్షరాల ఆ ముక్కలను టీడబ్ల్యూఐ1 పట్టుకుని పాత స్థూలకేంద్రకానికి తీసుకెళ్తుంది. అక్కడి వరసలతో సరిపోలినవి పక్కకు పోతాయి. పాతదాంట్లో లేని వరసల ముక్కలు కొత్త కేంద్రకంలోకి చేరి గురి చూపిస్తాయి. అక్కడ ఈజెడ్‌ఎల్1 హిస్టోన్ (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్) మీద గుర్తు పెడుతుంది, పీడీడీ1 దాన్ని చదివి పోగవుతుంది, చివరికి టీపీబీ2 కత్తిరిస్తుంది. మీ జన్యువు ఈ క్రమంలో ఎక్కడ కూర్చుంటుందో తెలియాలంటే కింది నుంచి పైకి వెతకండి: కత్తిరింపు జరిగిందా, పీడీడీ1 చుక్కలుగా పోగయిందా, హిస్టోన్ గుర్తులున్నాయా, చిన్న ఆర్‌ఎన్‌ఏలున్నాయా. మొదట "ఉంది" అని జవాబొచ్చిన మెట్టుకు, పై క్రమంలో సరిగ్గా తర్వాత జరగాల్సిన మెట్టే మీ జన్యువు చోటు.

కత్తిరింపును పీసీఆర్‌తో చూడటానికి ఆర్, ఎం అనే భాగాలు వాడుక. ఆర్‌లో 1.1 కిలోబేసులు (1,100 అక్షరాలు) పోతాయి. ఎం‌లో 0.6 గానీ 0.9 గానీ పోతుంది కాబట్టి రెండు పట్టీలు వస్తే కంగారు పడకండి. నమూనా మాత్రం గుంపుగా తీయొద్దు. జత కట్టని కణాల పాత స్థూలకేంద్రకంలో అవి ఎప్పుడో తీసివేసి ఉంటాయి, ఆ పట్టీ మీ మ్యూటెంట్ లోపాన్ని కప్పేస్తుంది. విడిపోయిన కణాలను ఒక్కొక్కటిగా సన్నటి పిపెట్‌తో ఏరి, విడిగా పీసీఆర్ చేయండి.

సంతానం పరీక్ష:

1. 6–8 గంటల మధ్య జతలను ఒక్కొక్కటిగా పోషక ద్రావణం చుక్కల్లో వేయండి.
2. రెండు మూడు రోజుల తర్వాత ఏ చుక్కల్లో పెరిగాయో లెక్కపెట్టండి.
3. పెరిగిన ప్రతిదానికీ మందు పరీక్ష పెట్టండి. సీయూ428 ఉన్న జోడీలో మిల్లీలీటరుకు 15 మైక్రోగ్రాముల 6-మిథైల్‌ప్యూరిన్. బతికినవే సంతానం.
4. అ రకం జోడీలో ఇంకో ఆధారం కూడా ఉంది: నిజమైన సంతానం పారోమోమైసిన్ నిరోధకతను పోగొట్టుకుంటుంది. కొత్త స్థూలకేంద్రకం మామూలు సూక్ష్మకేంద్రకం నుంచి వచ్చింది కనుక.

రెండో మెట్టు దగ్గరే ఆగి "70 శాతం బతికాయి" అని రాయకండి. మధ్యలో వదిలేసి పాత స్థూలకేంద్రకంతో వెనక్కి వెళ్లిన జతలు కూడా చక్కగా పెరుగుతాయి. సందేహముంటే మళ్లీ ఆకలి పెట్టి జత కట్టించి చూడండి. నిజమైన సంతానం దాదాపు 60 విభజనల దాకా అపరిపక్వం, జత కట్టదు. వెంటనే కట్టిందంటే అది సంతానం కాదు.

## 9. పారమీషియంకు తీసుకెళ్లేవాళ్లకు

పద్ధతి పనికొస్తుంది, అంకెలు పనికిరావు. పారమీషియం టెట్రౌరీలియాలో ఆకలితో ఒంటరి కణమే స్వయంగా ఇదంతా నడుపుకోగలదు. స్థూలకేంద్రకాలయ్యేవి వెనుక భాగంలో ఉన్నవి, టెట్రాహైమీనాకు ఇది తలకిందులు. తీసివేయాల్సిన చోట్లు దాదాపు 45,000, చిన్న ఆర్‌ఎన్‌ఏలు 25 అక్షరాలవి.

ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. పాత స్థూలకేంద్రకం వెంటనే కరగదు. ముక్కలై, కొన్ని విభజనల దాకా ఆర్‌ఎన్‌ఏ ఇస్తూనే ఉంటుంది. 6వ భాగంలోని ‘ఆ)’ జోడీ తీర్పు అక్కడ నేరుగా చెల్లదు: కొత్త కేంద్రకంలో జన్యువు లేకపోయినా పాత ముక్కలు కొంతకాలం లోటు తీరుస్తాయి.

## 10. తప్పులు, మరమ్మతులు

- జతలు తక్కువ: ముందు కణాల సంఖ్య, తర్వాత ఆకలి గంటలు, ఆ తర్వాత పొర లోతు. ఈ వరసలోనే చూడండి. స్ట్రెయిన్ పాతబడి సూక్ష్మకేంద్రకం చెడిందేమో ఆఖర్న అనుమానించండి.
- జతలు బాగున్నాయి, దశలు చెదిరిపోయాయి: ఒక వైపు ఆకలి సరిపోలేదు. రెండు కల్చర్లనూ ఒకే గంటకు కడిగి మళ్లీ చేయండి.
- మామూలు జోడీ కూడా 5వ గంట దాటడం లేదు: ఉష్ణోగ్రత కొలవండి. ఇన్‌క్యుబేటర్ తలుపు మీది అంకె కాదు, పాత్రలోని ద్రావణానిది. చల్లబడితే గంటలన్నీ సాగుతాయి.
- మ్యూటెంట్‌లో రెండు సూక్ష్మకేంద్రకాలూ మిగిలిపోయాయి: తొలగింపు లోపాలున్న కొన్ని మ్యూటెంట్లలో కనిపించే గుర్తే ఇది. ఒంటరి కణాల పీసీఆర్‌కు వెళ్లండి.
- పాత స్థూలకేంద్రకం కరగలేదు, కొత్తవీ కనిపించడం లేదు: అది మధ్యలో వదిలేసిన జత. 6–7 గంటల నమూనాలు తిరగేసి, కేంద్రకాల మార్పిడి జరిగిందో లేదో చూడండి.
- ఒక బ్యాచ్‌లో లోపం, ఇంకో బ్యాచ్‌లో లేదు: అదే రోజు పెట్టిన మామూలు జోడీతో పోల్చకుండా ఏ బ్యాచ్‌నూ లెక్కలోకి తీసుకోకండి. అది లేని బ్యాచ్‌లను పక్కన పెట్టి మళ్లీ లెక్కించండి.